నూటికి రెండే

ఫిబ్రవరి 9

తమ్ముడూ,

నువ్వు కులాసాగా ఉన్నావనుకుంటాను. ఇక్కడ మా సంగతి ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మొన్న ఆరో తారీకు మధ్యాహ్నం మూడింటికి మా రియాక్టరు సేఫ్టీ వాల్వు ఒక్కసారిగా తెరుచుకుంది. ఆ పక్కనే మెట్ల మీద నిలబడి పైపు బిగిస్తున్న ఫిట్టరు ముఖాన ఆవిరి కొట్టింది. నేను కంట్రోలు గదిలోంచి పరిగెత్తేసరికి అతను మెట్లకింద పడి ఉన్నాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు కళ్ళకీ కట్టు. చూపు సంగతి డాక్టర్లు ఏమీ చెప్పడం లేదు.

నువ్వు ఎన్నడూ మా ఫ్యాక్టరీ లోపలికి రాలేదు కాబట్టి చెప్తాను. రంగుల్లో కలిపే జిగురు చేస్తాం. రియాక్టరంటే గదంత ఉక్కు పీపా. ఒకవైపు నుంచి ముడిసరుకు వస్తూ ఉంటుంది, ఇంకోవైపు నుంచి జిగురు పోతూ ఉంటుంది, చుట్టూ ఉన్న తొడుగులో చల్లనీళ్ళు తిరుగుతుంటాయి. వేడి మరీ ఎక్కితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆవిరి వదిలేస్తుంది. మీటర్లు చూసి అరగంటకోసారి లాగ్ బుక్కులో రాయడం, చెప్పినప్పుడు నీళ్ళ వాల్వు తిప్పడం నా పని. పదిహేడేళ్ళ నుంచి వేడి ముల్లు ఎనభై దగ్గరే కూర్చునేది. నవంబరు చివర్లో మేనేజరు ముడిసరుకు కొద్దిగా పెంచారు. "నూటికి రెండే కదమ్మా" అన్నారు. అప్పట్నుంచీ ముల్లుకి కుదురు లేదు. ఎక్కుతుంది, దిగుతుంది, ఒకసారి ఎక్కినంత మరోసారి ఎక్కదు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన వేసుకోలేదు.

ఇప్పుడు ఎంక్వైరీ వేశారు, నేనే నీళ్ళ వాల్వు ఇష్టమొచ్చినట్టు తిప్పానంటున్నారు. మిషను పాడైతే అదీ నా నిర్వాకమేనట. నేను ముట్టుకోలేదురా. ఇలా ఊగేవాటి లెక్కలే కదా నీ సబ్జెక్టు, మీ కాలేజీ కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పంపు. బావ కుట్టు మిషను దగ్గర కూర్చుని గుడ్డ కుట్టకుండా నన్నే చూస్తున్నారు. ఆయన నవ్వించడం మానేస్తే ఇల్లు ఎంత పెద్దదిగా ఉంటుందో ఇప్పుడే తెలిసింది.

నీ అక్క


ఫిబ్రవరి 15

అక్కకి,

నీ ఉత్తరం చదివాక ముద్ద దిగలేదు. కానీ నువ్వు ధైర్యంగా ఉండు. నువ్వు అడిగినదానికంటే ఎక్కువే చేశాను. నీకు పంపి, నువ్వు వాళ్ళకిచ్చి, ఇంత ఆలస్యం ఎందుకని నేరుగా మీ ఎంక్వైరీ ఆఫీసరుకే రాశాను. కింద మా మాష్టారి సంతకం కూడా పెట్టించాను. రియాక్టరు నిక్షేపంగా ఉందనీ, నూటికి రెండు పెంచినంత మాత్రాన దాని స్వభావం మారదనీ స్పష్టంగా చెప్పాను. ఇక మిషను నువ్వు పాడుచేశావనే మాట ఎవరూ ఎత్తలేరు.

ఎలా చెప్పగలిగానంటావా? గిన్నెలో గోలీ వేస్తే అటూ ఇటూ దొర్లి అడుగున ఆగుతుంది. గడియారం లోలకమైతే ఆగదు, కానీ ఎప్పుడూ ఒకే దారిలో తిరుగుతుంది. ఎక్కడ మొదలైనా చివరికి వెళ్ళి చేరే ఆ చోటుని మేము ఆకర్షకం అంటాం. గిన్నెకి చిన్న సొట్ట పడినా గోలీ కథ మారదు. దాన్ని నిర్మాణ స్థిరత్వం అంటాం. ఇంచుమించు అన్ని వ్యవస్థలూ ఇలాంటివేనని నేనూ మాష్టారూ రుజువు చేశాం. వచ్చే ఏప్రిల్ పద్నాలుగున పెద్ద సభలో నేనే దాన్ని వివరించాలి. ఆ నెలాఖరుకి మాష్టారు రిటైరవుతారు. ఆయన కుర్చీ నాకే అంటున్నారు అందరూ.

ఒక్క మాట, నీకూ నాకూ మధ్య. లోపల ఏమీ మారకపోతే ముల్లు అలా గతి తప్పి ఊగదు. బయటినుంచి ఏదో చెయ్యి తగిలి ఉండాలి. కంగారులో ఎప్పుడైనా వాల్వు తిప్పావేమో, నిదానంగా గుర్తు తెచ్చుకో.

తమ్ముడు


ఫిబ్రవరి 24

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న ఎంక్వైరీలో పైకి చదివారు. మేనేజరే చదివారు, ఎంత ముచ్చటగా చదివారనుకున్నావు!

"మిషను బాగుంది. నూటికి రెండు పెంచడం వల్ల ఏమీ కాదు. ఇది నేను చెప్పే మాట కాదు, ఈమె సొంత తమ్ముడు చెప్పిన మాట" అన్నారు.

ఆఫీసరు కళ్ళజోడు తీసి నావైపు తిరిగారు. "మిషను ఊగలేదు, సరుకు ఊపలేదు. మరి ఊపింది ఎవరమ్మా?"

ఏడుగురు మగాళ్ళు, ఒక పొడుగాటి బల్ల, దానికి ఈ చివర నేను. లేచి నిలబడి "నేను ముట్టుకోలేదండీ" అన్నాను. ఆ గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. అక్కడే సస్పెన్షన్ కాగితం చేతిలో పెట్టారు.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్ళాను. ఫిట్టరు భార్య వార్డు తలుపు దగ్గరే అడ్డంగా నిలబడింది. "మీ తమ్ముడు కూడా నువ్వే చేశావన్నాడట కదా. లోపలికి మాత్రం రాకు" అంది. కేకలు వేసినా బాగుండేది. మెల్లగా అంది.

మాష్టారి సంతకం కూడా పెట్టించావట. నా మాట నిజమో కాదో నన్ను అడగడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు కదా, అదొక్కటే చెయ్యలేదు.

అక్క


మార్చి 2

అక్కా,

నువ్వు అబద్ధం చెప్పావని నేను ఎక్కడా అనలేదు. మేలు చెయ్యబోయాను, వాళ్ళు దాన్ని వంకరగా వాడుకున్నారు. నా ఉత్తరంలో నీ పేరే లేదు. మిషను గురించే ఉంది.

అలా అని రుజువైన విషయాన్ని కాదని రాయమంటే ఎలా రాయను? ఇది నా ఇష్టాయిష్టాల సంగతి కాదు. పదకొండేళ్ళ పని అక్కా ఇది. నీ మీద ప్రేమకొద్దీ లెక్క మార్చలేను కదా. అలసిపోయినప్పుడు మనిషి తను చేసినవన్నీ గుర్తుపెట్టుకోలేడు. అది నేరం కాదు, ఆ మాట ఒప్పుకుంటే వాళ్ళూ మెత్తబడతారేమో.

నీ లాగ్ బుక్కు నకలు ఏదైనా ఉంటే పంపు. చూస్తాను. చెయ్యి ఏ రోజు తగిలిందో అంకెల్ని బట్టి బహుశా చెప్పగలను.

బావకి నమస్కారాలు.

తమ్ముడు


మార్చి 10

లాగ్ బుక్కు వాళ్ళు పట్టుకుపోయారు. ముల్లు ఊగడం మొదలైన రోజునుంచీ నాకెందుకో అనుమానం వచ్చి, ఇంటికొచ్చాక ఒక నోటుబుక్కులో ఎక్కించుకుంటూ వచ్చాను. రెండు నెలల పైచిలుకు అంకెలు, దీనితో పంపుతున్నాను. నా షిఫ్టువే కాదు, మిగతా రెండు షిఫ్టులవీ. నేను ఇంట్లో ఉన్నప్పుడు కూడా ముల్లు ఊగింది. అది ఎవరి చెయ్యో కూడా నీ లెక్కలనే అడుగు.

నా చోట కొత్త ఆపరేటరుని పెట్టారు. నడివయసు మనిషి, ముగ్గురు పిల్లలు. రియాక్టరు అలాగే నడుస్తోంది, ముడిసరుకు అలాగే వెళ్తోంది. ఆ మెట్ల మీద ఇప్పుడు ఇంకో ఫిట్టరు నిలబడుతున్నాడు. నా మీద కోపం ఉంటే ఉండనీ, వాళ్ళ కోసమైనా చూడు.

బావ నీ నమస్కారం అందుకోలేదు. "మీ తమ్ముడు నాకు చొక్కా కొలత ఇవ్వాల్సొస్తే మనిషిని చూడకుండా సూత్రం పంపిస్తాడు" అన్నారు.


మార్చి 28

అక్కా,

నోటుబుక్కు చేరింది. పరిశీలిస్తున్నాను. అనుకున్నంత తేలిక కాదు. సభ ఏర్పాట్లతో ఊపిరి సలపడం లేదు. ఏప్రిల్ పద్నాలుగు దాటనీ, వివరంగా రాస్తాను. ఈలోగా నువ్వు ఏ తొందరపాటూ పడకు. ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు


ఏప్రిల్ 6

నా చిన్నోడికి,

నువ్వు పొడుగ్గా రాసే మనిషివి. ఇంటర్లో ఫెయిలైనప్పుడు కూడా నాకు నాలుగు పేజీలు రాశావు. మొన్న నాలుగు ముక్కలే రాశావంటే నాకు అర్థమైంది. అంకెల్లో నా చెయ్యి కనిపించింది, నాకు చెప్పడానికి నీకు మనసు రావడం లేదు. అంతే కదూ?

నీ మీద కోపం లేదురా. కోపపడే ఓపిక కూడా అయిపోయింది. రోజూ వంటింట్లో కుళాయి తిప్పుతుంటే చెయ్యి ఆగిపోతోంది. వాల్వు చక్రం కూడా ఇంతే కదా, పదిహేడేళ్ళు తిప్పిన చెయ్యి, నాకు తెలియకుండానే తిప్పిందేమో అనిపిస్తోంది. మొదట్లో "తిప్పలేదు" అని గట్టిగా అనేదాన్ని. తర్వాత "తిప్పినట్టు గుర్తులేదు" అన్నాను. నిన్న బావ అడిగితే ఆ మాట కూడా నోటికి రాలేదు. ఆరో తారీకు మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పుడు చక్రం మీద నా చెయ్యి నాకే కనపడుతోంది. అది జ్ఞాపకమో, వాళ్ళు అనగా అనగా నేను గీసుకున్న బొమ్మో తెలియదు.

తప్పు నాదేనని రాసిచ్చేస్తే పోలీసు కేసు లేకుండా ఉద్యోగం తీసేసి వదిలేస్తామన్నారు. పదిహేనో తారీకున రమ్మన్నారు. వెళ్ళి సంతకం పెట్టేస్తాను. ఫిట్టరు భార్యకి కనీసం ఎవరిని తిట్టుకోవాలో తెలుస్తుంది.

నీ సభ బాగా జరగాలి. కొత్త చొక్కా వేసుకుని వెళ్ళు.

అక్క


ఏప్రిల్ 11

అక్కా, సంతకం పెట్టొద్దు. నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది, వెంటనే టెలిగ్రాం ఇచ్చాను. ఇది నీకు చేరేలోగా అది చేరి ఉంటుంది. నువ్వు ముట్టుకోలేదు. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నాకు ఈ సంగతి మార్చి ఇరవై నుంచీ తెలుసు.

ఇరవై రెండు రోజులు. ఆ అంకె ముందు ఒప్పుకున్నాకే ఇంకేమైనా రాయాలి.

నీ నోటుబుక్కులో ముల్లు పైకెక్కి ఆగిన ఎత్తులన్నీ వరసగా తీసుకున్నాను. 89, 98, 114, 93, 105, 109. చూస్తే తలా తోకా లేదు. మనిషి చెయ్యి పడితే ఇలాగే ఉంటుందనుకున్నాను. తర్వాత ఒక కాగితం మీద, అడ్డంగా ఒక ఎత్తు, నిలువుగా దాని తర్వాత వచ్చిన ఎత్తు పెట్టి చుక్క పెట్టాను. అలా రెండువందల డెబ్భై చుక్కలు. చెయ్యి తగిలి ఉంటే చుక్కలు కాగితమంతా చల్లినట్టు పడాలి. అలా పడలేదు. అన్నీ ఒకే గీత మీద కూర్చున్నాయి. ఇంటి కప్పులా ఎక్కి, నూరు దగ్గర కొసకి చేరి, మళ్ళీ దిగే గీత. నీ షిఫ్టు, మిగతావాళ్ళ షిఫ్టు, అన్నీ దాని మీదే. ఇప్పుడు ఎంత ఎక్కిందో తెలిస్తే తర్వాత ఎంత ఎక్కుతుందో ఆ గీతే చెప్తుంది. ఎవరి చెయ్యీ లేదు. అది తనంతట తానే ఊగుతోంది. ఒక చోట ఆగదు, ఒకే దారిలో తిరగదు, అయినా తన హద్దు దాటి పోదు. అలాంటి ఆకర్షకం ఉండనే ఉండదని నేను రుజువు చేశాను!

తప్పెక్కడో కూడా దొరికింది. కాగితం మీద గీత తనను తాను దాటిపోలేదు, అందుకని చివరికి ఆగాలి లేదా చుట్టుకోవాలి. రెండు కొలతల వరకూ అది నిజం. నీ రియాక్టరులో మూడున్నాయి. లోపలి వేడి, సరుకు చిక్కదనం, చుట్టూ తిరిగే నీళ్ళ వేడి. గదిలో దారం ఇంకో దారం పైనుంచి పోవచ్చు, ముడి పడక్కర్లేదు. రుజువులోని ఒక్క పేజీలో నేను గదిని కాగితం అనుకున్నాను. నూటికి రెండు పెంచితే చాలు, మొత్తం బొమ్మే మారిపోతుంది.

ముఖ్యమైనది ఇది. నూరుకి అర డిగ్రీ అటూ ఇటూ ఆగితే, ఆ తర్వాతిది నూటపదిహేడు దాటుతుంది, సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. మధ్యలో ఐదారు గంటల టైముంటుంది. ఆరో తారీకు ఉదయం తొమ్మిదిన్నరకి నువ్వు నూరు అని రాశావు.

గీత గీసిన కాగితం దీనితో పంపుతున్నాను. ఇంకో ప్రతి మీ ఆఫీసరుకి, నా పాత ఉత్తరం తప్పని రాసి పంపాను. సభ అయ్యాక చెప్దాం, కుర్చీ వచ్చాక చెప్దాం అనుకుంటూ కూర్చున్నాను. నీకు నీ చెయ్యే పరాయిదైపోయేదాకా కూర్చున్నాను.

నీ తమ్ముణ్ణి అని రాసుకోవడానికి సిగ్గేస్తోంది


ఏప్రిల్ 18

పన్నెండునే పిలిచారు. పదిహేను దాకా ఎందుకులే అన్నారు. పదకొండు గంటలకి సంతకం పెట్టాను. నీ టెలిగ్రాం నాలుగింటికి వచ్చింది.

బావ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, కత్తెర కింద పెట్టి బయటికి వెళ్ళిపోయారు. నేను గుమ్మంలో కూర్చుండిపోయాను. ఏడవలేదు. నా చెయ్యి నాకు తిరిగొచ్చింది, కానీ దాంతోనే కదా సంతకం పెట్టింది.

నీ ఉత్తరం వచ్చాక కాగితం పట్టుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టారు. "ఒకే మనిషి ఫిబ్రవరిలో ఒకటి, ఏప్రిల్లో ఇంకొకటి. నీ కోసం మాట మార్చాడని తెలియడం లేదా? పైగా నువ్వే ఒప్పుకున్నావు కదమ్మా" అన్నారు. తప్పు ఆయనది మాత్రం కాదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

ఇరవై రెండు రోజుల గురించి ఇప్పుడేమీ రాయను. రాస్తే ఆగలేను.

ఆ ఇంటికప్పు గీత కాగితం మాత్రం కొత్త ఆపరేటరుకి ఇచ్చాను. గేటు ఎదురుగా ఉన్న టీకొట్లో పట్టుకున్నాను. మొదట ముఖం తిప్పుకున్నాడు. "వాల్వు గురించి కాదన్నా, నీ గురించి" అన్నాను. కూర్చున్నాడు.


ఏప్రిల్ 26

అక్కా,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులైంది. ఆ పదకొండుకీ నాలుగుకీ మధ్య ఉన్న ఐదు గంటలు నన్ను తింటున్నాయి.

నేనిక్కడ ఏం చేశానో చెప్తాను, నీ దగ్గర మార్కుల కోసం కాదు. పదకొండో తారీకు సాయంత్రం మాష్టారి గదికి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు.

"ఈ అంకెలు ఎవరు తీశారు?"

"మా అక్కండీ. జిగురు ఫ్యాక్టరీలో ఆపరేటరు."

"ఆవిడ మీదేనా నువ్వు నాచేత సంతకం పెట్టించింది?"

"అవునండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని "ఇరవై ఏళ్ళు నేను తప్పు పాఠం చెప్పానన్నమాట" అన్నారు. నేనేదో అనబోయాను. "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు" అన్నారు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

సభలో లేచి, మా రుజువు తప్పని చెప్పి, నీ అంకెలు బోర్డు మీద వేశాను. కొందరు మధ్యలోనే వెళ్ళిపోయారు. ముందువరసలో ఒకాయన మాత్రం దగ్గరికొచ్చి చుక్కలు వేలితో లెక్కపెట్టారు. కుర్చీ ఇంకొకరికి ఇచ్చారు. నాకు బాధగానే ఉంది, లేదంటే నమ్మవు. కానీ నీకు జరిగినదాని పక్కన పెట్టి చూస్తే ఆ బాధని బాధనడానికి నోరు రావడం లేదు.

నన్ను క్షమిస్తావా అని అడగను. ఒక్కసారి రావచ్చా అని మాత్రం అడుగుతున్నాను.

తమ్ముడు


మే 15

తమ్ముడూ,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్త ఆపరేటరు ఆ కాగితాన్ని డ్యూటీలో జేబులో పెట్టుకుని వారం రోజులు కలిపి చూశాడు. రోజూ సాయంత్రం టీకొట్లో నాకు చెప్పేవాడు. "తొంభైమూడన్నావు, తొంభైమూడే వచ్చిందక్కా." మే రెండున ఉదయం పదింటికి ముల్లు నూరు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. అతను మేనేజరు దగ్గరికి పరిగెత్తితే ఆయన నవ్వి "నీకు కూడా ఆవిడ గాలి సోకిందా" అన్నారట. అప్పుడతను ఎవరినీ అడగలేదు. మెట్ల మీద ఉన్నవాళ్ళని పేరుపేరునా పిలిచి దింపేశాడు. అందరూ అవతలి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. మూడు గంటల ఇరవై నిమిషాలకి వాల్వు తెరుచుకుంది. ఫిట్టరు నిలబడిన ఆ మెట్టునే కొట్టింది ఆవిరి. అక్కడ ఎవరూ లేరు. పడేసిన స్పానరు ఒకటి ఉంది.

ఒక్కసారి ఏదో కుదిరిందన్నారు మేనేజరు. ఎనిమిదో తారీకున మళ్ళీ కుదిరింది. ఆ మర్నాడు ఒక్కడు కూడా లోపలికి వెళ్ళలేదు. మధ్యాహ్నానికి ముడిసరుకు నూటికి రెండు తగ్గించారు. మూడో రోజుకి ముల్లు ఎనభై దగ్గర కూర్చుందట.

నన్ను మాత్రం తీసుకోలేదు. ఒప్పుకుని సంతకం పెట్టిన మనిషిని ఎలా తీసుకుంటామన్నారు. బావ దగ్గర కాజాలు కుడుతున్నాను. "ఇంత వంకరగా కుట్టే ఆపరేటరుని నేనైతే ఎప్పుడో సస్పెండు చేసేవాణ్ణి" అన్నారు నిన్న. మూడు నెలల తర్వాత నవ్వాను.

ఫిట్టరు భార్య మొన్న తనే మా ఇంటికొచ్చింది. చెప్పులు వేసుకుని రమ్మంది. వెళ్ళాను. కట్లు విప్పేశారు. చూపు రాలేదు. ఇక రాదట. నా గొంతు విని మంచం మీద లేచి కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాను. అంతా విని అడిగాడు:

"అయితే ఆ రోజు ఉదయమే తెలిసేదన్నమాట?"

తెలిసేదన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"ఎలా తెలుస్తుంది? ఆ గీత ఏమిటి?" అన్నాడు. నాకు వచ్చినట్టు చెప్పాను. ఇంటి కప్పులా ఉంటుందన్నాను, చుక్కలన్నాను. అతను దుప్పటి మీద వేలితో గీస్తూ "ఇలానా? ఇలానా?" అని అడుగుతూనే ఉన్నాడు.

నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు. ఒక రోజు క్షమించినట్టుంటుంది, మర్నాడు ఉండదు. అది తేలేదాకా ఆగమంటే ఎన్నాళ్ళు ఆగాలో చెప్పలేను. అందుకని ఆగొద్దు. ఆదివారం పొద్దున బస్సుకి రా. ముందు మా ఇంటికి కాదు, నేను స్టాపులో ఉంటాను, నేరుగా ఫిట్టరు దగ్గరికి వెళ్దాం. నిన్ను చూడాలని అడుగుతున్నాడు. చూడాలనే అన్నాడు, ఆ మాటే అన్నాడు. కాగితాలేవీ తేవొద్దు. గీసి చూపిస్తే లాభం లేదు. అతని పక్కన కూర్చుని, ఎంతసేపు పట్టినా, నోటితోనే చెప్పాలి.

అక్క